పాత రంపం కథ: షెఫీల్డ్ నుంచి ఫిలడెల్ఫియా దాకా

ఈసారి పంటల గురించి కాదు, పనిముట్టు గురించి. పోస్టు కాస్త పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

అమెరికాలో ఉండే మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈమధ్య ఒకే సంగతి అడిగారు. "అన్నా, ఇక్కడ శని ఆదివారాల్లో ఇళ్ళ ముందు పాత సామాన్లు పెట్టి అమ్ముతుంటారు. తుప్పు పట్టిన చేతి రంపాలు పదీ ఇరవై డాలర్లకి దొరుకుతున్నాయి. ఏవేవో పేర్లు, ఇత్తడి బిళ్ళలు ఉంటాయి. కొనొచ్చా? దుకాణంలో కొత్తది కూడా అంతే రేటు కదా?"

కొనొచ్చు. చూసి కొంటే కొత్తదానికంటే పాతదే మేలు. ఎందుకు మేలో తెలియాలంటే ఆ రంపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. అందుకే ముందు చరిత్ర, తర్వాత కొనుగోలు.

రంపం చాలా పాతది. ఈజిప్టులో రెఖ్మిరే అనే మంత్రి సమాధి గోడల మీద సుమారు 3,400 ఏళ్ల కిందటి బొమ్మలున్నాయి. అందులో ఒక వడ్రంగి చెక్కని నిలువుగా గుంజకి కట్టి రంపంతో కోస్తుంటాడు. ఆ కాలంలో రంపం అంటే రాగి, కంచు. మెత్తని లోహం కదా, ముందుకి తోస్తే రేకు మడత పడిపోతుంది. అందుకని తమవైపు లాగుతూ కోసేవాళ్ళు. మన పాత వడ్రంగులు కూడా నేల మీద కూర్చుని, కాలితో చెక్కని అదిమి పట్టి, రంపాన్ని తమవైపే లాగేవాళ్ళు. జపాన్ వాళ్ళది ఇప్పటికీ లాగే రంపమే. తోసే రంపం ఐరోపా వాళ్ళది. తోయాలంటే రేకు వెడల్పుగా, బిగువుగా ఉండాలి. అంటే మంచి ఇనుము కావాలి.

రోమన్ల కాలానికి ఇంకో కిటుకు స్థిరపడింది. పళ్ళని ఒకటి అటు, ఒకటి ఇటు కొద్దిగా వంచడం. ప్లినీ అనే రోమన్ రచయిత రెండువేల ఏళ్ల కిందటే దీని గురించి రాశాడు. వంపు ఎందుకంటే, రంపం కోసే చాలు రేకు మందం కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. లేకపోతే పచ్చి చెక్కలో రేకు ఇరుక్కుపోతుంది. నాగలి చాలు కర్రు కంటే వెడల్పుగా తెగినట్టే ఇదీ. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా రంపం సూత్రం మారలేదు. మారింది లోహం, దాన్ని చేసే మనుషులు.

మూసలో కరిగిన ఉక్కు

ఇంగ్లండులో షెఫీల్డ్ ఊరి దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాలు చేసే ఆయన ఉండేవాడు. ఆ రోజుల్లో ఇనుప కడ్డీలని బొగ్గులో పెట్టి రోజుల తరబడి కాల్చి ఉక్కు చేసేవాళ్ళు. పైన గట్టిగా, లోపల మెత్తగా, ఎక్కడికక్కడ తేడాగా వచ్చేది. గడియారం స్ప్రింగుకి అది పనికిరాలేదు. 1740ల్లో ఆయన ఆ ఉక్కుని మట్టి మూసల్లో వేసి, విపరీతమైన వేడి మీద పూర్తిగా కరిగించి పోతపోశాడు. మొత్తం ఒకే తీరుగా ఉండే ఉక్కు వచ్చింది. గడియారం కోసం మొదలైన పని కత్తులకీ, ఉలులకీ, రంపాలకీ ప్రాణం పోసింది.

ఇక్కడ మన గడ్డ సంగతి ఒకటి చెప్పాలి. మూసలో ఉక్కు చేయడం మనకి కొత్త కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో, ఇంకా దక్షిణాదిలో చాలా చోట్ల, ఇనుము ముక్కల్ని మూసల్లో మూసి ఉక్కు ముద్దలు తీసేవాళ్ళు. 1820ల్లో హెన్రీ వాయ్‌సీ అనే బ్రిటిష్ డాక్టరు కోనసముద్రం వెళ్ళి ఆ పనిని కళ్ళారా చూసి రాశాడు. పర్షియా వర్తకులు ఆ ఉక్కు కోసం అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు, కత్తులు చేసుకోవడానికి. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని "వూట్జ్" అన్నారు. 1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ దీని మీద వ్యాసం చదివాడు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు కూడా ఈ ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు.

అయితే ఒక మాట. "హంట్స్‌మన్ మన దగ్గరే నేర్చుకున్నాడు" అని ఎవరైనా ఫార్వర్డ్ పంపితే నమ్మకండి. దానికి ఆధారం లేదు. పియర్సన్ వ్యాసం వచ్చేది హంట్స్‌మన్ పద్ధతికి యాభై ఏళ్ల తర్వాత. మనవాళ్ళ గొప్ప మనవాళ్ళకి ఉంది, దానికి ఇంకొకరి గొప్ప అతికించక్కర్లేదు. కోనసముద్రం ఉక్కు చిన్న చిన్న ముద్దలుగా వచ్చేది. కత్తికి అది చాలు. రంపానికి మాత్రం రెండడుగుల పైన పొడవు, అరచెయ్యి వెడల్పు ఉన్న పల్చటి రేకు కావాలి. షెఫీల్డ్‌లో ఆ ఉక్కుని రోలర్ల మధ్య నలిపి రేకులు తీశారు. తేడా అక్కడ వచ్చింది.

రేకు వెనక మనుషులు

షెఫీల్డ్ రంపాల పేరు లోకమంతా పాకింది. స్పియర్ అండ్ జాక్సన్ కంపెనీ తన పుట్టుకని 1760 నుంచి లెక్కపెట్టుకుంటుంది. కానీ ఆ పేరు వెనక పని చేసినవాళ్ళ బతుకు గురించి కూడా చెప్పుకోవాలి.

రేకుని పెద్ద పెద్ద సానరాళ్ళ మీద అరగదీసేవాళ్ళు ప్రత్యేకంగా ఉండేవాళ్ళు. మంచి రంపం రేకు అంతటా ఒకే మందం ఉండదు. పళ్ళ దగ్గర మందంగా, వీపు దగ్గర పల్చగా ఉంటుంది. అలా ఉంటే చెక్కలో పట్టేయదు. ఆ సన్నదనం తీసుకొచ్చేది ఈ సానపట్టేవాళ్ళే. మనిషి ఎత్తు ఉండే రాయి ఒక్కోసారి తిరుగుతూ తిరుగుతూనే పగిలి మీద పడేది.

వీళ్ళకో సంఘం ఉండేది. చందా కట్టకపోయినా, సంఘం నియమం దాటి ఎక్కువమంది కుర్రాళ్ళని పనిలో పెట్టుకున్నా, రాత్రికి రాత్రి వాళ్ళ సానరాయి తిప్పే పట్టాలు మాయమయ్యేవి. బకాయి కడితే తిరిగొచ్చేవి. అక్కడితో ఆగలేదు. 1859లో జేమ్స్ లిన్లీ అనే సానపనివాడిని తుపాకీతో కాల్చారు, ఆ గాయంతోనే చనిపోయాడు. 1866లో ఫెర్నిహో అనే ఇంకొకరి ఇంట్లో మందుగుండు పేల్చారు. మరుసటి ఏడాది ప్రభుత్వం విచారణ పెట్టి, నిజం చెప్పినవాళ్ళకి శిక్ష ఉండదని మాటిచ్చింది. అప్పుడు సంఘం కార్యదర్శి విలియం బ్రాడ్‌హెడ్, తానే డబ్బులిచ్చి ఇవన్నీ చేయించానని ఒప్పుకున్నాడు. దేశం అదిరిపోయింది.

ఇది చదివి సంఘాలంటేనే రౌడీయిజం అనుకోవద్దు. చందా ఎగ్గొట్టినవాడి మీద కోర్టుకెళ్ళే హక్కు ఆ రోజుల్లో సంఘాలకి సరిగ్గా లేదు. చట్టం తలుపు మూసేస్తే జనం దొడ్డిదారి వెతుక్కుంటారు. హత్యని ఎవరూ సమర్థించలేరు, కానీ ఆ గొడవ తర్వాతే, 1871లో, కార్మిక సంఘాలకి అక్కడ చట్టబద్ధత వచ్చింది. ఇవాళ మీ చేతిలోకొచ్చే పాత షెఫీల్డ్ రంపం వీపు సన్నగా ఉంటే, అది ఇలాంటి మనుషుల చేతుల మీదుగా వచ్చిన సన్నదనం.

డిస్టన్ వచ్చాడు

అమెరికాలో మీకు ఎక్కువగా కనబడేది మాత్రం షెఫీల్డ్ రంపం కాదు, డిస్టన్ రంపం.

హెన్రీ డిస్టన్ 1819లో ఇంగ్లండులో పుట్టాడు. 1833లో తండ్రి, అక్కాచెల్లెళ్ళలో ఒకరితో కలిసి ఫిలడెల్ఫియాలో ఓడ దిగాడు. దిగిన మూడు రోజులకే తండ్రి పోయాడు. పద్నాలుగేళ్ల పిల్లాడు రంపాలు చేసేవాళ్ళ దగ్గర పనిలో చేరి, 1840లో సొంతంగా మొదలుపెట్టాడు. అప్పట్లో అమెరికా వాళ్ళకి మంచి రంపం అంటే షెఫీల్డ్ రంపమే, మంచి ఉక్కు అంటే షెఫీల్డ్ ఉక్కే. స్థానికుడి సరుకంటే చిన్నచూపు. ఆయన మొండివాడు. ఉక్కు కోసం ఇంగ్లండు మీద ఆధారపడినంత కాలం తన బతుకు వాళ్ళ చేతిలోనే ఉంటుందని గ్రహించి, 1855లో తన ఉక్కు తానే కరిగించుకునే కొలిమి పెట్టాడు. రంపాల ఉక్కు అమెరికాలో అలా తయారవడం అదే మొదలు. తర్వాత దిగుమతుల మీద సుంకాలు పెరగడం కూడా ఆయనకి కలిసొచ్చింది.

1870ల్లో ఫ్యాక్టరీని ఊరి బయట టకోనీ అనే చోటికి మార్చడం మొదలుపెట్టాడు. పనివాళ్ళకి ఇళ్ళు కట్టించాడు. ఆ స్థలాల దస్తావేజుల్లో సారా అమ్మకూడదనే షరతు కూడా రాయించాడు. వీపు లోపలికి వంపు తిరిగి ఉండే డి-8 రంపం వచ్చింది ఆ దశాబ్దంలోనే. దేశం మొత్తం మీద వడ్రంగుల పెట్టెల్లోకి చేరిన రంపం అది. 1878లో ఆయన చనిపోయేనాటికి కంపెనీ చాలా పెద్దదైపోయింది, తర్వాత ప్రపంచంలోకెల్లా పెద్ద రంపాల ఫ్యాక్టరీ అనిపించుకుంది.

ఆయన పెద్ద కొడుకు హామిల్టన్ కథ మన రైతులకి ఆసక్తిగా ఉంటుంది. రంపాల మీద వచ్చిన సొమ్ముతో 1881లో ఫ్లోరిడా రాష్ట్రం దగ్గర 40 లక్షల ఎకరాలు కొన్నాడు. ఎకరం పావు డాలరు! మొత్తం పది లక్షల డాలర్లు. రాష్ట్రం అప్పుల్లో ఉంది, నేలంతా చిత్తడి అని రాసుంది, అమ్మేసింది. అక్కడ పట్టా లేకుండా సాగు చేసుకుంటున్నవాళ్ళు మండిపడ్డారు. కాలువలు తవ్వించాడు, నీళ్ళు తోడించాడు, చెరకు వేయించాడు. 1893 ఆర్థిక సంక్షోభం, ఆ వెంటనే 1894-95 చలికాలపు మంచు దెబ్బ అక్కడి వ్యవసాయాన్ని ముంచేశాయి. 1896లో ఆయన పోయాడు, ఆ భూసామ్రాజ్యం కరిగిపోయింది. చెట్లు కోసే పళ్ళు అమ్మిన డబ్బుతో చిత్తడి నేలని చేను చేద్దామనుకున్నాడు. నేల ఒప్పుకోలేదు.

అమ్మి ఊరుకోలేదు, సాన పట్టడమూ నేర్పారు

నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇది. డిస్టన్ కంపెనీ రంపాలతో పాటు ఆకురాళ్ళు కూడా చేసి అమ్మింది. రంపానికి పళ్ళు ఎలా సమం చేయాలి, ఎలా వంచాలి, ఎలా పదును పెట్టాలి అని బొమ్మలతో సహా చిన్న పుస్తకాలు వేసి పంచింది. అంటే, కొన్నవాడు దాన్ని ఇరవై ముప్పై ఏళ్ళు బాగుచేసుకుంటూ వాడతాడని కంపెనీకి తెలుసు. వాడాలనే కోరుకుంది. వ్యాపారం అలా నడిచింది.

తర్వాత మోటారు వచ్చింది. 1924లో ఎడ్మండ్ మిషెల్ చేతిలో పట్టుకుని నడిపే కరెంటు రంపం తయారుచేశాడు. చెరకు నరికే కత్తికి మోటారు బిగిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచే అది పుట్టిందని చెబుతారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇళ్ళ కట్టుబడి అంతా కరెంటు రంపాల మీదికి మళ్ళింది. 1955లో డిస్టన్ కుటుంబ కంపెనీని హెచ్.కె. పోర్టర్ అనే సంస్థ కొనేసింది. ఆ తర్వాతి చేతి రంపాల్లో పాత పనితనం లేదు.

ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికే కొత్త రంపం చూడండి. పళ్ళ కొసలు నల్లగా, నీలంగా ఉంటాయి. కరెంటు వేడితో ఆ కొసల్ని మాత్రమే విపరీతంగా గట్టిపరిచారన్నమాట. మొదట్లో బ్రహ్మాండంగా కోస్తుంది, పదును చాలా కాలం నిలుస్తుంది కూడా. అది అబద్ధం కాదు. కానీ ఒకసారి మొద్దుబారిందా, అంతే. ఆకురాయి పెడితే జారిపోతుంది, పన్ను అరగదు. పారేసి ఇంకోటి కొనుక్కోవాలి.

ఇది మనకి తెలియని కథ కాదు. ఒకప్పుడు ఈ ఏటి పంటలోంచి తీసి పెట్టుకున్న గింజే వచ్చే ఏటికి విత్తనం. హైబ్రిడ్ వచ్చాక దిగుబడి పెరిగింది, ఒప్పుకుంటాను, నేనూ వేస్తాను. కానీ ఆ గింజ దాచుకుంటే మళ్ళీ అదే పంట రాదు. ఏటా కొట్టు ముందు నిలబడాలి. మెల్లగా విత్తనం ఎంచడం, బూడిద కలిపి దాచడం తెలిసిన ఆడవాళ్ళు ఊళ్ళో లేకుండా పోయారు. రంపంలోనూ అదే జరిగింది. పదును పెట్టుకోలేని రంపం వచ్చాక, పదును పెట్టేవాడు పోయాడు. ముందు సరుకు పోయి తర్వాత పనితనం పోతుంది. పనితనం పోయాక సరుకు తిరిగొచ్చినా వాడేవాడు ఉండడు.

అందుకే పాత రంపం కొనమంటున్నా. గోడకి తగిలించుకోవడానికి మాత్రం కాదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

1. కంటితో సూటిగా చూడండి. పిడి వైపు నుంచి కొస వైపుకి, తుపాకీ గురి చూసినట్టు పళ్ళ గీత వెంబడి చూడండి. నిలువునా మెల్లగా వంపు ఉంటే చేత్తో ఎదురు వంచి సరిచేయొచ్చు. ఒకచోట మడత పడినట్టు గీత ఉంటే వదిలేయండి. అది తీయడం నేర్పరి పని.

2. తుప్పు. పైపైన గోధుమరంగు తుప్పు ఉంటే భయం లేదు, గరుకు కాగితంతో పోతుంది. గుంటలు పడిన నల్ల తుప్పు, అదీ పళ్ళ అంచున ఉంటే వద్దు. పన్ను వంచేటప్పుడు ఆ గుంట దగ్గర విరుగుతుంది.

3. రేకు వెడల్పు. ఎన్నోసార్లు పదును పెట్టిన రంపం కొసవైపు బాగా సన్నబడి ఉంటుంది. ఇంకా ముప్పాతిక జీవితం మిగిలిందా, పావే మిగిలిందా అన్నది వెడల్పు చెబుతుంది.

4. పళ్ళు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వరసగా ఉంటే, పదును పెట్టినవాడికి చేయి తిరగలేదని అర్థం. ఇంగ్లీషు వడ్రంగులు దీన్ని "ఆవులూ దూడలూ" అంటారు! ఇది దిద్దుకోవచ్చు. నాలుగైదు పళ్ళు పక్కపక్కనే విరిగిపోయి ఉంటే మాత్రం మొదటి రంపంగా అది కొనొద్దు.

5. అంకె. పిడి దగ్గర రేకు మీద చిన్న అంకె కొట్టి ఉంటుంది. అంగుళంలో ఎన్ని పంటి మొనలు ఉన్నాయో అది చెబుతుంది. 5 నుంచి 7 మధ్య ఉంటే సాధారణంగా నిలువుకోతకి, 8 నుంచి 12 మధ్య ఉంటే అడ్డకోతకి. నిలువుకోత పన్ను ఉలిలా ఉంటుంది, నారని ముందుకి చెక్కుతుంది. అడ్డకోత పన్ను కత్తిమొనలా ఉంటుంది, నారని అటూ ఇటూ తెంపుతుంది. మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి, అంకెతో పాటు పంటిని కూడా చూడండి.

6. పిడి. పాత మంచి రంపాలకి ఆపిల్ కర్ర పిడి ఉంటుంది. మూడు వేళ్ళు లోపల, చూపుడు వేలు ముందుకి చాచి పట్టుకోవాలి. అలా పట్టుకుంటే అరచేతిలో ఇమిడిపోవాలి. దిమ్మెలా, పలకలా ఉంటే అది తర్వాతి కాలపు చవక సరుకు. కొమ్ము విరిగితే అతికించుకోవచ్చు.

7. ఇత్తడి బిళ్ళ. పిడి మీది పెద్ద బిళ్ళ కాలాన్ని చెబుతుంది. డిస్టన్ పేరు పక్కన ఏకవచనంలో "సన్" అని ఉంటే అది 1865-71 మధ్యది, కొడుకుల్లో ఒక్కడే వాటాదారుగా ఉన్న కాలం. "సన్స్" అని ఉంటే ఆ తర్వాతది. పోర్టర్ పేరుంటే 1955 తర్వాతది. "వారంటెడ్ సుపీరియర్" అని గద్ద బొమ్మతో ఉన్న బిళ్ళని చూసి మోసపోకండి. అది కంపెనీ పేరు కాదు, చాలా కంపెనీలు తమ రెండో రకం సరుకుకి వేసుకున్న బిళ్ళ. వాటిలో మంచివి ఉంటాయి, కానీ ధర తక్కువ పెట్టాలి.

8. వీపు మీద కొస దగ్గర చిన్న బొడిపె కనిపిస్తే, అదెందుకని తల బద్దలుకొట్టుకోవద్దు. పని ఏమీ లేదు, అలంకారమేనని డిస్టన్ కంపెనీయే రాసింది. బొడిపె ఉంటే రంపం పాతదన్న గుర్తు మాత్రం అవుతుంది.

మొదటిసారి కొనేవాళ్ళు 26 అంగుళాల అడ్డకోత రంపం ఒకటి, నిలువుకోతది ఒకటి తీసుకుంటే చాలు. సేకరణ పిచ్చిలో పడి ముప్పై కొనొద్దు. ఇండియాకి తెచ్చేవాళ్ళు పెద్ద పెట్టెలో పెట్టుకోండి, విమానంలో చేతి సామానుతో రంపాన్ని రానివ్వరు.

పదును

రంపం కొన్నరోజే మూడు మూలల ఆకురాయి కూడా కొనండి. ముందు పొడవు ఆకురాయితో పళ్ళ తలలన్నీ ఒకే ఎత్తుకి తేవాలి. తర్వాత పళ్ళని ఒకటి విడిచి ఒకటి అటూ ఇటూ వంచాలి. పంటి పైసగమే వంచాలి, మొదలంటా వంచితే విరుగుతుంది. ఆఖరున ఒక్కో పంటి సందులో ఆకురాయి పెట్టి ముందుకి తోయాలి. నిలువుకోతకైతే అడ్డంగా తిన్నగా, అడ్డకోతకైతే కొంచెం ఏటవాలుగా. ఎన్నిసార్లు తోస్తారో అన్ని పళ్ళకీ అన్నేసార్లు. ఇంతే విద్య. మొదటి రంపం మీద ఒక పూట పడుతుంది, పదో రంపానికి అరగంట.

మీ ఊళ్ళో పాత వడ్రంగి ఎవరైనా ఇంకా ఉంటే, ఆయన దగ్గర ఒక పూట కూర్చోండి. ఆకురాయి పట్టుకునే కోణం, రాపిడి శబ్దంలో పదునుని గుర్తుపట్టడం వీడియోలో సగమే వస్తుంది. కూలి డబ్బులిచ్చి మరీ నేర్చుకోండి. ఆయన పిల్లలు ఆ పని చేయడం లేదు కాబట్టి, మీరు అడగకపోతే ఆ విద్య ఆయనతోనే పోతుంది.

ఫిలడెల్ఫియా కొలిములు ఆరిపోయి చాలా కాలమైంది. అవి చేసిన ఉక్కు మాత్రం ఇంకా గ్యారేజీల్లో, అటకల మీద, పది డాలర్ల బల్లల మీద ఉంది. ఆ ఉక్కుకి ఆకురాయి పట్టే చెయ్యి ఉన్నంత కాలం అది పనిముట్టు, లేని రోజున పాత ఇనుము.